38 ఏళ్లు మూగవోయిన పాట!

సినిమా పత్రికలో రాసేవాడు కథానాయిక వయసు జోలికి పోకూడదంటారు మా సీనియర్లు. ఈ ఒక్కసారికి ఆ తప్పు చేయక తప్పదు. ఎందుకంటే నేను చెప్పబోయే చిత్రంలో నాయిక వయసు ఎనభై! డాన్సుల్లేవు. డ్యూయెట్లు లేవు. ఫైట్లు అసలే లేవు. వయసు మళ్లిన ఒకావిడ, ఎప్పుడో పోగొట్టుకున్న గొంతుని వెతుక్కుంటూ మళ్లీ పాడటానికి ప్రయత్నిస్తుంది. పాడుతుందా, పాడలేదా? అదే సస్పెన్సు!

చిత్రం పేరు 'ది బ్యాలడ్ ఆఫ్ షర్లీ కాలిన్స్'. 2017లో వచ్చింది. రాబ్ కర్రీ, టిమ్ ప్లెస్టర్ అనే ఇద్దరు కలిసి తీశారు. డాక్యుమెంటరీ అనగానే, ఒకప్పుడు అసలు బొమ్మ మొదలయ్యే ముందు హాల్లో వేసే వార్తాచిత్రం గుర్తొచ్చి ఆవలింత వచ్చింది నాకు. ఒక మిత్రుడి బలవంతం మీద కూర్చున్నాను. లేచేసరికి రాత్రి పదకొండు. ఇంటికొచ్చి పడుకున్నానేగానీ కన్ను మూతపడలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు కథ వినండి. ఇది ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. అక్క డాలీ 1933లో పుట్టింది. చెల్లెలు షర్లీ 1935లో. ఊరు ఇంగ్లండ్ దక్షిణ తీరాన, ససెక్స్ జిల్లాలోని హేస్టింగ్స్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ విమానాలు వచ్చి బాంబులు వేస్తుంటే కుటుంబాలన్నీ నేలమాళిగల్లాంటి షెల్టర్లలోకి పరుగెత్తేవి. ఆ చీకట్లో ఈ పిల్లలు భయపడకుండా తాతయ్య, అమ్మమ్మల తరం వాళ్లు పాత పల్లెపాటలు పాడి వినిపించేవాళ్లు. పైన బాంబులు, కింద పాట! అక్కచెల్లెళ్ల సంగీత పాఠశాల అదే.

సినిమా చూసి రాసిన ఉత్తరం

మన పాఠకుల్లో ఎంతమంది సినిమా చూసొచ్చి, నేనూ తారనైపోతానంటూ స్టూడియోలకి ఉత్తరాలు రాయలేదు? మా ఆఫీసుకే సంచులకొద్దీ వచ్చేవి! షర్లీ కూడా ఆ బాపతే. పదిహేనేళ్ల వయసులో 'నైట్ క్లబ్ గర్ల్' అనే అమెరికన్ చిత్రం చూసింది. 1945లో తీసిన మామూలు చిత్రం. పల్లెటూరి పిల్ల ఒకత్తె పాతకాలపు పాటలు పాడి పెద్ద గాయని అయిపోవడం కథ. అంతే! మన పిల్ల ఇంటికొచ్చి బి.బి.సి. రేడియోకి ఉత్తరం రాసి పడేసింది - నేను జానపద గాయనిని కావాలనుకుంటున్నాను అని.

ఇలాంటి ఉత్తరాలు చెత్తబుట్టలోకి పోవడం రివాజు. ఇది పోలేదు. బి.బి.సి. తరఫున ససెక్స్ పల్లెల్లో పాటలు సేకరిస్తున్న బాబ్ కాపర్ చేతికి చేరింది. ఆయన సామాన్యుడు కాదు. తరతరాలుగా పల్లెపాటలు పాడుతున్న కాపర్ కుటుంబీకుడు. ఆయన ఏకంగా వాళ్లింటికే వచ్చి అక్కచెల్లెళ్లిద్దరి చేతా పాడించుకున్నాడు!

తర్వాత షర్లీ లండన్ చేరింది. అక్కడ సెసిల్ షార్ప్ పేరు మీద ఒక భవనం ఉంది. 1903 నుంచి ఊరూరా తిరిగి ముసలివాళ్ల నోటి పాటలు రాసుకున్న మహానుభావుడాయన. మన బిరుదురాజు రామరాజుగారు, నేదునూరి గంగాధరంగారు చేసినలాంటి పనే అనుకోండి. ఆ భవనంలోని గ్రంథాలయంలో కూర్చుని పాటలు ఏరుకోవడం షర్లీకి రోజువారీ వ్యాపకం అయిపోయింది.

పాటల వేటలో అమెరికా

లండన్‌లో ఒక విందులో ఆవిడకి అలన్ లోమాక్స్ అనే అమెరికన్ పరిచయమయ్యాడు. జానపద గీతాల సేకరణలో ప్రపంచమంతా పేరున్నవాడు. 1959లో ఇద్దరూ కలిసి అమెరికా దక్షిణ రాష్ట్రాలకి బయల్దేరారు. కారులో బరువైన రికార్డింగు యంత్రం. దారిలో చర్చిలు, పొలాలు, జైళ్లు! షర్లీకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు.

అక్కడో విచిత్రం. కెల్టిక్ పాటలంటే ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్‌ల పాటలని లెక్క. ఇంగ్లండ్ పల్లెపాట వేరు. లెక్క అయితే అదే, కానీ పాటకి పాస్‌పోర్టు ఎవడిచ్చాడు చెప్పండి? స్కాట్లండ్ నుంచీ, ఐర్లండ్ నుంచీ, ఇంగ్లండ్ నుంచీ ఎన్నడో వలసపోయిన రైతులు పాటల్ని నోట్లో పెట్టుకుని సముద్రం దాటారు. తన దేశంలో చాలామంది మరిచిపోయిన పాటలు అమెరికా కొండల్లో ముసలమ్మల నోట వినిపిస్తుంటే షర్లీ ఆశ్చర్యపోయింది.

మిసిసిపి రాష్ట్రంలో కోమో అనే చోట ఒక నల్లజాతి రైతు పొలం పని ముగించుకుని గిటారు పట్టుకొచ్చాడు. పేరు ఫ్రెడ్ మెక్‌డవెల్. బయటి ప్రపంచానికి ఆయన్ని చూపించింది ఈ ప్రయాణమే. తర్వాత ఆయన పాడిన పాటనే రోలింగ్ స్టోన్స్ బృందం 1971లో తమ రికార్డులో పాడుకుంది!

ఇంకో సంగతి. 2000లో కోయెన్ సోదరులు తీసిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' మీలో కొందరు చూసే ఉంటారు. మొదట్లోనే ఖైదీలు రాళ్లు కొడుతూ పాడతారు కదా? ఆ గొంతులు సినిమా కోసం పాడినవి కావు. 1959 నాటి ఆ ప్రయాణంలోనే మిసిసిపి జైల్లో నిజం ఖైదీల చేత పాడించి రికార్డు చేసినవి. ఆ చిత్రం పాటల రికార్డుకి 2002లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. ఆ పాటలో ముందు గొంతు జేమ్స్ కార్టర్‌ది. ఆయన్ని వెతికి పట్టుకుని 20,000 డాలర్ల చెక్కు చేతిలో పెడితే, తను ఆ పాట పాడినట్టే ఆయనకి గుర్తు లేదట!

బాగానే ఉంది. మరి షర్లీ సంగతి? 1993లో లోమాక్స్ తన పాటల వేట గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఈవిడ కూడా వెంట వచ్చిందన్నట్టుగా ఒక్క ముక్కతో తేల్చేశాడు! నెలల తరబడి ఎండల్లో పడి చేసిన పని! ఆవిడ ఒళ్లు మండింది. ఊరుకోలేదు. 2004లో తన పుస్తకం తనే రాసుకుంది, 'అమెరికా ఓవర్ ది వాటర్' అని. తెర వెనక పనిచేసి టైటిల్స్‌లో పేరు పడని మన సహాయకులు ఎందరో నాకు జ్ఞాపకం వచ్చారు.

అక్క బాణీ - చెల్లెలి గళం

షర్లీది గొప్ప శాస్త్రీయ గాత్రం కాదు. గమకాలు లేవు, గొంతు వణికించడం లేదు. ఏడుపు పాటయినా ఏడవదు! ఊరి చెరువుగట్టు మీద నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు పాడుతుంది. మొదటిసారి విన్నప్పుడు, చెప్పొద్దూ, ఇదేం పాట అనుకున్నాను. రెండోసారి కథ వినిపించింది. మూడోసారికి నేను ఆవిడని మరిచిపోయి పాటలోకి వెళ్లిపోయాను. ఆవిడకి కావలసిందీ అదే. పాటకీ వినేవాడికీ మధ్య గాయని అడ్డం నిలబడకూడదని ఆవిడ నమ్మకం. పాడుతున్నప్పుడు తనకంటే ముందు ఆ పాట పాడినవాళ్లందరూ తన వెనక నిలబడ్డట్టు ఉంటుందని చెప్పుకుంది.

ఇలాంటి గొంతుకి వాద్యం ఏం పెట్టాలి? గిటారు పెట్టి చూశారు. 1964లో డేవీ గ్రాహమ్ అనే గిటారిస్టుతో ఒక రికార్డు చేసింది. మన రాగాల పోకడలు గిటారు మీద పలికించిన తొలితరం బ్రిటిష్ వాద్యకారుల్లో ఆయన ఒకడు. ఆ రికార్డు బ్రిటన్ కుర్రకారుని ఊపేసింది.

కానీ అసలు జోడీ ఇంట్లోనే ఉంది! అక్క డాలీ అప్పటికే అలన్ బుష్ అనే స్వరకర్త దగ్గర స్వరరచన నేర్చుకుంది. ఆవిడ ఎంచుకున్న వాద్యం పోర్టటివ్ ఆర్గన్. చర్చిలో గోడంత ఉండే ఆర్గన్‌కి చిట్టి చెల్లెలు. మన హార్మోనియంలో గాలి లోహపు రీడుల్ని కదిలిస్తే, ఇందులో గాలి పిల్లనగ్రోవుల్లాంటి గొట్టాల్లోకి పోతుంది. అందుకే దాని పలుకు పాత కాలం నుంచి వీస్తున్న గాలిలా ఉంటుంది. 1967లో 'ది స్వీట్ ప్రిమ్‌రోజెస్' రికార్డులో అక్క వాద్యం, చెల్లెలి గళం కలిశాయి.

మనకి వింజమూరి సోదరీమణులు ఉన్నారు. కృష్ణశాస్త్రిగారి మేనకోడళ్లు అనసూయ, సీత. పొలాల్లో పాడుకునే పాటని రేడియోలోకీ సభల్లోకీ తలెత్తుకుని నడిపించినవాళ్లు. డాలీ, షర్లీ అక్కడ చేసింది అలాంటి పనే.

1969లో వచ్చింది వాళ్ల పెద్ద రికార్డు 'ఆంథమ్స్ ఇన్ ఈడెన్'. విడుదల చేసింది హార్వెస్ట్ సంస్థ. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల రికార్డులు వేసిన సంస్థే! ఒక పక్క మొత్తం ఒకే కథ. పాత పాటల్నే ఏరి దండగా గుచ్చారు. ప్రేమించుకుంటారు, విడిపోతారు, అబ్బాయి యుద్ధానికి పోతాడు. 1914 - 18 యుద్ధంలో ఇంగ్లండ్ పల్లెల మగపిల్లలు వేలకువేలుగా పోయి తిరిగి రాలేదు. వాళ్లతోపాటు వాళ్లు పాడవలసిన పాటలూ పోయాయి. ఆ దుఃఖం ఆ రికార్డు నిండా ఉంది. కానీ ఒక్క ఏడుపు లేదు!

వాద్యబృందానికి నాయకుడు డేవిడ్ మన్రో అనే యువకుడు. రినైజాన్స్ కాలపు వాద్యాలంటే ప్రాణం ఇచ్చేవాడు. క్రమ్‌హార్న్ అని గొడుగు పిడిలా వంగిన చెక్క వాద్యం. సన్నాయికి ఉన్నట్టే దీనికీ జంట రెల్లు ముక్క ఉంటుంది గానీ పైన మూత ఉండటంవల్ల పెదవికి తగలదు. తేనెటీగ జలుబు చేసి పాడినట్టుంటుంది దాని గోల! శాక్‌బట్ అని ట్రంబోన్‌కి తాతగారు. రెబెక్ అని వాయులీనానికి ముత్తాత. రాజుల కొలువుల్లో వాయించిన వాద్యాల్ని తీసుకొచ్చి పల్లెటూరి పాట పక్కన కూర్చోబెట్టారు. అవేమో వియ్యాలవారి భోజనాల్లో చుట్టాల్లా కలిసిపోయాయి!

మన్రో సినిమాలకీ పనిచేశాడు. 1972 నాటి 'హెన్రీ ది ఎయిత్ అండ్ హిజ్ సిక్స్ వైవ్స్' చిత్రానికి సంగీతం ఆయనదే. 1976లో ముప్ఫై మూడేళ్లకే లోకం విడిచి వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడాది అమెరికా వాళ్లు వోయేజర్ నౌకల్ని అంతరిక్షంలోకి పంపుతూ వాటిలో ఒక బంగారు రికార్డు పెట్టారు. అందులో మన్రో బృందం వాయించిన రినైజాన్స్ నాటి నృత్యగీతం ఉంది. అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా ఉంది. ఇద్దరూ కలిసి నక్షత్రాల మధ్య ప్రయాణిస్తున్నారు. తలుచుకుంటే ఒళ్లు పులకరించడం లేదూ?

గొంతుకి తాళం పడింది

ఇక విరామం తర్వాత కథ. కాస్త గుండె దిటవు చేసుకోండి.

1971లో షర్లీ సంగీతకారుడు ఆష్లే హచింగ్స్‌ని వివాహమాడింది. ఇద్దరూ కలిసి మంచి రికార్డులు చేశారు. 1978లో అక్కచెల్లెళ్ల 'ఫర్ యాజ్ మెనీ యాజ్ విల్' రికార్డు విడుదలైంది. ఇద్దరూ కలిసి చేసిన చివరి రికార్డు అదే అవుతుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే ఆవిడ లండన్ నేషనల్ థియేటర్ నాటకాల్లో పాడుతోంది. ఉన్నట్టుండి కాపురం కూలిపోయింది. భర్త వదిలి వెళ్లిపోయాడు. వేదిక ఎక్కితే ఒక రోజు పాట వచ్చేది. ఒక రోజు నోరు తెరిస్తే గాలి తప్ప స్వరం వచ్చేది కాదు. ఎదురుగా జనం! పక్కన వాద్యకారులు! పాట మాత్రం లేదు.

వైద్యులు దీన్ని డిస్ఫోనియా అంటారు. గొంతులోని స్వరతంత్రులు మన మాట వినడం మానేస్తాయి. అన్నిసార్లూ గొంతులో పుండూ పుట్రా ఉండక్కర్లేదు. మనసుకి తగిలిన దెబ్బకి కూడా గొంతు బిగుసుకుపోవచ్చు. బతుకంతా పాటే అయిన మనిషికి అదెంత నరకమో ఊహించండి.

ఆవిడ పాడటం మానేసింది. మళ్లీ ప్రయత్నం చేయలేదు. ఇద్దరు పిల్లల్ని పోషించుకోవాలి కదా! పాత సామాను అమ్మే ధర్మ సంస్థ దుకాణంలో పనిచేసింది. ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లకి దారి చూపించే సర్కారు ఆఫీసులో పనిచేసింది. తన రికార్డుల్ని కొత్త తరం కుర్రాళ్లు వెతుక్కుని కొనుక్కుంటున్నారని తెలిసినా ఇంట్లో కూడా కూనిరాగం తీయలేదంటే చూడండి.

1995లో డాలీ పోయింది. అరవై రెండేళ్లు. జోడీ విడిపోయింది. అక్కతోపాటు ఆ ఆర్గన్ స్వరమూ ఆగింది. కథ ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఇంట్లోనే రికార్డింగు!

ఒక్కడు మాత్రం అనుకోలేదు. డేవిడ్ టిబెట్ అని 'కరెంట్ 93' బృందం నాయకుడు. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు, ఒక్క పాట పాడండమ్మా అని. ఆవిడ వద్దంటూనే ఉంది. చివరికి 2014 ఫిబ్రవరిలో లండన్ యూనియన్ చాపెల్లో వేదికెక్కి రెండే రెండు పాటలు పాడింది. ఆ రెండు పాటలకి ఆవిడ ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో!

తాళం తెరుచుకుంది. 2016లో 'లోడ్‌స్టార్' వచ్చింది. 1978 తర్వాత మళ్లీ 2016... ముప్ఫై ఎనిమిదేళ్లు! స్టూడియోలో అందరి ముందూ పాడటానికి బెరుకు. అందుకని రికార్డింగు యంత్రాల్నే లూయిస్ పట్టణంలోని ఆవిడ ఇంటికి తెచ్చుకున్నారు. ఎనభై ఏళ్ల గొంతు. మందంగా, కిందికి దిగిపోయి, అక్కడక్కడ గరగరమంటూ ఉంది. పాతికేళ్ల నాటి తీయదనం లేదు. దాచుకోనూ లేదు! అందుకే ఆ పాటల్లో చావు వచ్చి తలుపు కొట్టినప్పుడు మనకి నమ్మబుద్ధేస్తుంది.

ఆ రికార్డులో మొదటి పాట చరిత్ర వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1580లో లండన్‌లో భూమి కంపించింది. జనం హడలిపోయారు. ఆ సందర్భంగా పుట్టిన పాట అది. మన దగ్గర తళ్లికోట యుద్ధం జరిగి అప్పటికి పదిహేనేళ్లు. అచ్చులో పడ్డ ఆ కాగితాలు ఏమయ్యాయోగానీ, పాట మాత్రం ఆ నోటా ఈ నోటా నడిచి మూడు వందల ఏళ్లు బతికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వరకర్త వాన్ విలియమ్స్ ఒక పల్లెటూరి ఆవిడ పాడుతుంటే రాసుకున్నాడు. అక్కణ్ణుంచి షర్లీకి చేరింది. గొంతు పోయి తిరిగొచ్చినావిడ, మూగవోకుండా వచ్చిన పాటతో మళ్లీ మొదలుపెట్టింది!

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. 2020లో 'హార్ట్స్ ఈజ్', 2023లో 'ఆర్కేంజెల్ హిల్'. ఆ చివరిది వచ్చేనాటికి ఆవిడకి ఎనభై ఏడేళ్లు!

మా అక్క మాట

ఇంతకీ ఆ రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదంటే...

మా అక్క బాగా పాడేది. పెళ్లిళ్లలో తలంబ్రాల పాట, అప్పగింతల పాట ఆవిడ అందుకోవాల్సిందే. పక్కన మా పిన్ని వంత. ఇద్దరూ మొదలుపెడితే వంటవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి వచ్చేవాళ్లు. పిన్ని పోయాక అక్క పాడటం మానేసింది. పదహారేళ్లయింది. మేమెవరం అడగలేదు. అడిగితే బాధపడుతుందని ఊరుకున్నాం. మర్యాద అనుకున్నాం. ఆ రాత్రి తెలిసింది, అది మర్యాద కాదు, బద్ధకం.

తెల్లారగానే ఫోన్ చేశాను.

"అక్కా, పిన్నీ నువ్వూ పాడేవాళ్లే, అప్పగింతల పాట, అదొకసారి పాడవూ?"

"ఏమిట్రా పొద్దున్నే! నిద్దట్లో ఉన్నావా? నా గొంతు ఎప్పుడో పోయింది."

షర్లీ కాలిన్స్ కథ చెప్పాను. మధ్యలో ఊ కొట్టింది. డాలీ పోయిందన్నచోట ఊ కొట్టలేదు.

"ఎనభై ఏళ్లకా?" అంది చివరికి.

"ఎనభై ఏళ్లకే."

"గొంతు బాగుందా?"

"లేదక్కా. బొంగురుగా ఉంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.

నాలుగు రోజుల తర్వాత మా మేనకోడలు ఫోన్‌లో ఒక రికార్డింగు పంపింది. "మామయ్యా, అమ్మ వంటింట్లో పాడుతుంటే చాటుగా తీశాను, చెప్పకు" అని. రెండు చరణాలే ఉన్నాయి. మూడోదానికి అక్క ఆగిపోయింది. అది పిన్ని అందుకునే చోటు.

పాఠకులారా! 'లోడ్‌స్టార్' వినండి. 'ఆంథమ్స్ ఇన్ ఈడెన్' వినండి. మొదటిసారి నచ్చకపోతే నన్ను తిట్టుకోండి, కానీ మూడోసారి దాకా ఆగండి. అంతకంటే ముందు, మీ ఇంట్లో పాడటం మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. వద్దంటారు. మళ్లీ అడగండి. డేవిడ్ టిబెట్ ఏళ్ల తరబడి అడిగాడు కదా!

మా అక్క మూడో చరణం ఇంకా బాకీ ఉంది. నేనూ అడుగుతూనే ఉన్నాను.